సగం పాటల మొగులయ్య

మా ఆయనకు కొన్ని వందల పాటలొచ్చు. ఒక్కటంటే ఒక్కటి పూర్తిగా రాదు. ఈ మాట నేను కోపంతో అంటున్నానని మీరనుకుంటారు. కోపంతోనే అంటున్నాను. ముప్పై ఏళ్ళుగా సగం పాటలు విన్నదాన్ని, నాకు ఆమాత్రం కోపం ఉండకూడదా?

ఆయన పేరు మొగులయ్య. కామాటిపురాలో మా గల్లీలో ఎవరినడిగినా చూపిస్తారు. రేకు బాసురీలు అమ్ముతాడు. బాసురీ అంటే వెదురు పిల్లనగ్రోవి అనుకునేరు, అది కాదు. జానెడు రేకు గొట్టం, ఆరు కన్నాలు, నోట్లో పెట్టుకునే చోట ఎర్ర మూతి. పొడుగాటి కర్రకు గడ్డి చుట్టి, ఆ గడ్డికి బాసురీలన్నీ గుచ్చి, భుజాన వేసుకుని బయలుదేరతాడు. సాయంత్రాలు వర్లి సముద్రం ఒడ్డు, పండుగ రోజుల్లో దాదర్, ఆదివారం పొద్దున చర్చి గేటు. మా మామ చంద్రయ్య చేసింది కూడా ఇదే పని. పాలమూరు నుంచి ఇక్కడికి ఇళ్ళు కట్టే పనికొచ్చిన వాళ్ళ తాత ఒక్కడే ఇటుకలు మోశాడు. ఆ తర్వాత ఆ వంశంలో అందరూ ఊపిరి ఊదుకునే బతికారు.

బాసురీ అమ్మడంలో ఒక కిటుకుంది. పిల్లలు తిరిగే చోట నిలబడి మంచి పాట ఎత్తుకోవాలి. ఒక పిల్లవాడు ఆగి, నోరు తెరిచి, తల్లి చెయ్యి విడిపించుకుని దగ్గరికి వచ్చేవరకు వాయించాలి. పాట మంచి పట్టులో పడగానే టక్కున ఆపెయ్యాలి. ఆపి, "లేలో బాబూ లేలో! టూటేగా నహీ, ఫూటేగా నహీ!" అని అరవాలి, అంటే తీసుకో బాబూ, విరగదు, పగలదు అని. మిగిలిన సగం కోసం పిల్లవాడు కింద పడి దొర్లుతాడు. తల్లి చచ్చినట్టు కొంటుంది.

"పూర్తి పాట ఇంటే పోరడు నవ్వుకుంట ఇంటికి పోతడు బిడ్డా. ఇగ గిరాకీ పోయినట్టే," అని మా మామ నేను కాపురానికొచ్చిన కొత్తలో చెప్పాడు. అబ్బో, ఏం తెలివి అని మురిసిపోయాను. ఆ తెలివి నా నెత్తికే చుట్టుకుంటుందని నాకేం తెలుసు?

ఆ రోజుల్లో మా చాల్‌లో, అంటే వరసగదుల పాత మేడలో, మాది ఒకటే గది. మాట్లాడుకోవాలంటే డాబా మీదికి పోవాల్సిందే. ఒకరోజు అక్కడ "నా కోసం ఒక్క పాట వాయించయ్యా" అని అడిగాను. వాయించాడు. ఏం వాయించాడనీ! నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే బాసురీ నోట్లోంచి తీసి "లేలో బాబూ లేలో!" అన్నాడు. నాతో! కట్టుకున్న పెళ్ళాంతో! వెంటనే నాలుక కరుచుకుని, "అలవాటైపోయిందే," అన్నాడు. మిగతా సగం వాయించమంటే, అది తనకు చేతకాదన్నాడు.

పిల్లలు పుట్టాక జోలపాటలూ అంతే. కళ్ళు మూతలు పడుతున్న పిల్ల పాట ఆగగానే లేచి కూర్చుని "ఫిర్?" అనేది, తర్వాతేంటని. మా అనిల్, సారిక ఇద్దరూ సరిగ్గా నిద్రలేక పెరిగారు, అందుకే ఇద్దరికీ అంత చిరాకు అని నేనంటాను. అది నీ పోలిక అని ఆయనంటాడు.

ఇక చర్చి సంగతి. మా గల్లీలకు కాస్త అవతల పాత చర్చి ఒకటి ఉంది. అక్కడ పాడే బృందానికి రెబెల్లో సార్ అని ఒక పెద్దాయన. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి. ఆయన చేతికింద బోలెడుమంది పాడేవాళ్ళు, వయొలిన్లు, మనిషంత ఎత్తున్న వయొలిన్ ఒకటి, గోడంతా ఆక్రమించిన ఆర్గన్. ఆ బృందంలో ఎవరైనా తుమ్మాలన్నా రెబెల్లో సార్ చెయ్యి చూసి తుమ్మాలి. అంత పద్ధతి.

క్రిస్మస్ ముందు వాళ్ళొక సాయంత్రం పాటల కార్యక్రమం పెడతారు. పోయినసారి అందులో గొర్రెల కాపరుల పాట ఒకటి పెట్టుకున్నారు. బాలయేసును చూడ్డానికి కాపరులు చలిలో నడిచొచ్చే పాట. మొదట పిల్లనగ్రోవి ఒక్కటే వాయించాలి, సగం నుంచి బృందం మెల్లగా కలవాలి, పిల్లనగ్రోవి మాత్రం చివరిదాకా ఆగకూడదు. అది వాయించాల్సిన అబ్బాయికి చికెన్‌గున్యా వచ్చి వేళ్ళు వాచిపోయాయి. రెబెల్లో సార్ దిగులుగా గేటు దాటి వస్తుంటే, అక్కడ మా ఆయన అదే పాట వాయిస్తున్నాడు. వాళ్ళు లోపల సాధన చేస్తుంటే కిటికీలోంచి విని పట్టేశాడు. రెబెల్లో సార్ ఆగి, నోరు తెరిచి విన్నాడు. తెరిచిన నోరు కనబడగానే మా ఆయన పాట ఆపి, "లేలో సాబ్ లేలో!" అన్నాడు.

సార్ ఒక బాసురీ కొన్నాడు కూడా. కొన్నాక, తమతో కలిసి వాయించమని అడిగాడు. ఈ మహానుభావుడు సరేనన్నాడు.

ఇంటికొచ్చి చెబితే చాల్ అంతా పండుగ. మా పక్కగది శాంతాబాయి మావాళ్ళే అయినా సగం మరాఠీలోనే మాట్లాడుతుంది. "అగ రేణుకా, నీ మొగడు సాహెబ్ అయిండు!" అంటూ పిలవని పేరంటానికి పెత్తనం మొదలుపెట్టింది. మా అత్త రాజవ్వకు మాత్రం భయం పట్టుకుంది.

"చర్చిల వాయిస్తే మన పోచమ్మ తల్లి ఏమనుకుంటదో," అంది. కాసేపు ఆలోచించి తనే, "ఏమనుకోదు తియ్. ఆమె ముంగట గూడ వీడు సగమే వాయించిండు," అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రెండో సగం గుర్తొచ్చింది. ఆయన్ని పక్కకు పిలిచాను.

"పాట మొత్తం వస్తదా నీకు?"

"వినుడైతే మొత్తం విన్న. ఎన్ని ఏండ్ల సంది వింటున్న!"

"వాయించుడో?"

మా ఆయన గోడ వైపు తిరిగి బాసురీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అంటే రాదని అర్థం.

మర్నాటి నుంచి మా గదిలో సాధన. నేను ఎదురుగా కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే ఆయన వాయించేవాడు. సగానికి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయేవి, బాసురీ దానంతటదే కిందికి దిగేది, నోరు దానంతటదే "లేలో" అని అరిచేది. ఎదురుగా నేను తప్ప గోడే ఉంది. శాంతాబాయి తలుపులోంచి తొంగిచూసి, "కాయ్ ఝాలా, ఏమైంది రేణుకా? నీ మొగడు గోడకు బాసురీ అమ్ముతుండు!" అని పోయింది.

బెదిరించాను. బతిమాలాను. అప్పడాల కర్ర చూపించాను. అది చూసి ఇంకా ముందే ఆపేశాడు. మా అత్త కొడుకుని చాలాసేపు చూసి, "ఆగే జాగ దాటించాలె గంతే గద. ఆడికెంచే మొదలువెట్టుమను," అంది. నాకు ఇన్నాళ్ళూ ఈ ఆలోచన ఎందుకు రాలేదా అనిపించింది. రెండో సగం నుంచి మొదలుపెట్టమన్నాను. మొదలుపెట్టాడు. ఎంత హాయిగా ఉందో! అందులో సగం దాకా వచ్చి, ఆపి, "లేలో బాబూ" అన్నాడు. నా చేతిలో ఉన్న ఉల్లిగడ్డ విసిరేశాను. తగల్లేదు.

చర్చిలో సాధన రోజు నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. అందరూ నల్లకోట్లు, పొడుగు గౌన్లు. మధ్యలో మా ఆయన, చారల చొక్కాలో. అయినా వాయించడం మొదలుపెట్టేసరికి అంతా ఆయన వంకే చూశారు. పైకప్పు చాలా ఎత్తు కదా, ఆ చిన్న రేకు గొట్టం చప్పుడు పైకి పోయి, అక్కడ తిరిగి, మెల్లగా కిందికి దిగుతోంది. నాకు గర్వమేసింది. తర్వాత సగం వచ్చింది.

"లేలో బాబూ లేలో! టూటేగా నహీ, ఫూటేగా నహీ!"

అది కూడా పైకప్పు దాకా పోయి తిరిగొచ్చింది. గౌన్లవాళ్ళు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఆర్గన్ దగ్గరి ముసలాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. రెబెల్లో సార్ నవ్వలేదు, కోప్పడలేదు. మళ్ళీ మొదలుపెట్టించాడు, మళ్ళీ అదే. మరోసారి, మరోసారి. చివరికి చెయ్యి దించి, "ఫికర్ మత్ కరో మొగుల్ భాయ్. మీరు సగం దాకా వాయించండి, అక్కణ్ణుంచి వయొలిన్ అమ్మాయి అందుకుంటుంది," అన్నాడు. ఆయనది మంచి మనసే. ఎవరూ తప్పు పట్టాల్సింది లేదు.

మా ఆయన దారంతా ఉషారుగా నడిచాడు. నెత్తిమీది బరువు దిగినట్టుంది. అన్నం ముందు కూర్చుని, "మంచిగైంది గద. నా సగం నేను, వాళ్ళ సగం వాళ్ళు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"నీకేమయ్య, మంచిగనే ఉంటది! నీది అమ్ముడు. ఇనెటోళ్ళు ఏమైతరో ఎన్నడన్న సోచాయించినవా? డాబా మీద ఆనాడు అడిగిన, ఈనాటి దాంక ఎదురుచూస్తున్న. పిల్లలు పెద్దగైరి, నా నెత్తి తెల్లగైంది. ఊరందరికి సగం పాట వాయించు, నాకేం బాధ లేదు. నాకొక్కటి, ఒక్కటంటే ఒక్క పాట, చివరిదాంక వాయించకపోతివి!"

ఇంత గట్టిగా అరుస్తానని నేనూ అనుకోలేదు. చాల్ మొత్తం చప్పుడు లేకుండా అయిపోయింది, అంటే అందరూ వింటున్నారన్నమాట. అన్నం ఒక్కటే ఏనాడూ సగంలో వదలని మనిషి, ఆ రోజు అదీ వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఎటో పోయి వచ్చాడు.

"రెబెల్లో సార్ తాన పోయొచ్చిన. మొత్తం పాట నేనే వాయిస్త అని చెప్పిన."

"ఏమన్నడు?"

"జర సేపు నా మొఖం చూసిండు. సరే అన్నడు. వయొలిన్ పిల్ల మాత్రం తయారుగ ఉంటది అన్నడు."

"నీకు రాదని తెలిసి తెలిసి ఎందుకు పోయినవయ్యా మల్ల?"

"నువ్వడిగితివి గద," అన్నాడు.

నేను పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను. అక్కడ ఏ పనీ లేదు, అయినా వెళ్ళాను. అంతమంది ముందు ఈ మనిషి నా నోటి దురుసు వల్ల నవ్వులపాలు కాబోతున్నాడని భయం. ఒకవేళ పూర్తిగా వాయిస్తాడేమో అని ఆశ కూడా ఉంది. ఆ ఆశను చూస్తేనే నాకు ఎక్కువ భయమేసింది.

కార్యక్రమం సాయంత్రం నల్లకోటు కావాలన్నారు. శాంతాబాయి మొగుడు తుకారాం పెళ్ళిళ్ళలో వడ్డనకు పోతాడు, అతని కోటు ఇచ్చాడు. అది తొడుక్కుంటే మా ఆయన దొరబాబులాగే ఉన్నాడు గానీ దగ్గరికి వెళితే బిర్యానీ వాసన. చాల్ జనం సగం మంది వచ్చారు. అందరూ చర్చి గుమ్మంలో చెప్పులు విప్పేశారు. విప్పనక్కర్లేదని వాచ్‌మన్ ఎంత చెప్పినా మా అత్త వినలేదు. "దేవుని ఇంట్లకు చెప్పులతోనా?" అని వాడినే తిట్టింది. గుమ్మం బయట చెప్పుల గుట్ట లేచింది. నన్ను, మా అత్తను, శాంతాబాయిని ముందు వరసలో కూర్చోబెట్టారు.

ముందు వేరే పాటలు అయ్యాయి. ఎంత బాగా పాడారో చెప్పలేను, నాకొక్కటీ చెవికెక్కలేదు. తర్వాత రెబెల్లో సార్ మా ఆయన వైపు తల ఊపాడు. మా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. బాసురీ నోట పెట్టుకున్నాడు.

వాయించాడు. ఆ పాటను గోడకు, ఉల్లిగడ్డలకు, నాకు ఎన్నిసార్లో వాయించాడు. అలా ఎప్పుడూ వాయించలేదు. వెనక వరసల్లో దగ్గుతున్నవాళ్ళు కూడా దగ్గడం మానేశారు. నేను చీర కొంగు పిడికిట్లో బిగించి పట్టుకున్నాను. సగం దగ్గరపడుతోంది. దాటు, దాటు, దాటయ్యా అనుకున్నాను.

ఆపేశాడు.

బాసురీ కిందికి దిగింది. ఆయన పెదాల మీద "లే" తయారవడం నాకు కనబడింది. రెబెల్లో సార్ చెయ్యి గాల్లోనే ఆగింది. వయొలిన్ అమ్మాయి కమాను ఎత్తింది.

నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గు, కోపం, ఏడుపు మూడూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఇక చాలనుకున్నాను. ఈ జన్మకు నాకు సగం పాటే రాసిపెట్టి ఉంది, అది ఇంతమంది ముందు కూర్చుని చూడాల్సిన ఖర్మ నాకేంటి? దిగ్గున లేచాను. మా అత్త కొంగు పట్టుకుని లాగింది, విడిపించుకున్నాను. ఆయనకు వీపు తిప్పి, మధ్యదారిలో గుమ్మం వైపు నడిచాను. రెండువైపులా జనం నన్నే చూస్తున్నారు. చూడనీ.

నాలుగడుగులు వేశానో లేదో, వెనక బాసురీ మోగింది.

ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచి.

నా కాళ్ళు ఆగాయి. ఆగగానే బాసురీ కూడా తడబడింది. అప్పుడు అర్థమైంది నాకు. గిరాకీ లేచిపోతుంటే మా ఆయన చూడలేడు. వర్లిలో పిల్లవాణ్ణి తల్లి లాక్కుపోతుంటే, వెనకాలే వాయించుకుంటూ ఎంత దూరమైనా పోతాడు. కొనేవాళ్ళు ఎదురుగా నిలబడితే ఆపుతాడు, వెళ్ళిపోతుంటే ఆపడు. నేను ముప్పై ఏళ్ళూ ఎదురుగా కూర్చుని విన్నాను. ఓసి నా పిచ్చి మొఖమా!

మళ్ళీ నడిచాను. బాసురీ కుదురుకుంది.

వెనక ఏం జరిగిందో శాంతాబాయి తర్వాత చెప్పింది. మా ఆయన నా వెంట నడవడం చూసి రెబెల్లో సార్ ఒక్క క్షణం నుదురు పట్టుకున్నాడట. తర్వాత బృందానికి వీపు తిప్పి, వెళ్ళిపోతున్న తుకారాం కోటు వైపే చూస్తూ, చెయ్యి మాత్రం వెనక్కి చాపి ఊపాడట. ఏళ్ళ తరబడి ఆ చేతిని చూసి పాడిన జనం, అది ఎటు తిరిగి ఊగినా పాడారు. నాకు వినబడింది అదే. నా వెనక బాసురీ, దాని వెనక మెల్లగా, అందరి గొంతులూ.

ఆ దారి ఎంత పొడుగో! ఒక్కసారి వెనక్కి తిరిగి ఆయన ముఖం చూడాలని నా ప్రాణం కొట్టుకుంది. తిరిగితే గిరాకీ తిరిగొచ్చిందనుకుని ఆపేస్తాడు. తిరగలేదు. ఏడ్చాను. దాచుకోవడం దేనికి, కొంగు నోట్లో కుక్కుకుని మరీ ఏడ్చాను. నా పాట నాకోసం వస్తుంటే నేను దానికి దూరంగా నడవాల్సి వచ్చింది. అయినా ఆ సంతోషం నేను ఎవరికీ ఇవ్వను.

గుమ్మం వచ్చింది. చెప్పుల గుట్ట దాటి, ఒట్టి కాళ్ళతో మెట్లు దిగాను. ఆయనా దిగాడు, ఒక్క స్వరం కూడా తప్పకుండా. లోపలి గొంతులు దూరమయ్యాయి. బయట ట్యాక్సీల హారన్లు. గేటు దాకా నడిచాను. ఇక నడవాలంటే రోడ్డే. అక్కడ ఆ పాట మెల్లగా దిగి, దిగి, పనంతా అయిపోయిన మనిషి గడపలో కూర్చున్నట్టు కూర్చుంది. అది ఆపడం కాదు, అయిపోవడం. రెండూ వేరని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పుడు తిరిగాను. మా ఆయన బాసురీని పెదాలకు బెత్తెడు దూరంలో పట్టుకుని నిలబడ్డాడు. బజారులో తల్లి చెయ్యి జారిపోయిన పిల్లవాడి ముఖం. "లేలో" అనలేదు. లోపల చప్పట్లు మొదలయ్యాయి, పెద్దవయ్యాయి, ఆగడం లేదు. ఆయన వాటికి ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసి, మళ్ళీ నా వైపు చూశాడు.

"అయిపోయిందే రేణుకా," అన్నాడు.

"అయిపోయింది."

"ఇప్పుడేం జెయ్యాలె?"

ఏ మాటకైనా ఠక్కున జవాబు చెప్పే దాన్ని. నా నోటికి భయపడి మా గల్లీలో కూరగాయల బండివాడు బేరం కూడా ఆడడు. దగ్గరికి వెళ్ళి, బిర్యానీ వాసన వేస్తున్న ఆ కోటు చెయ్యి పట్టుకున్నాను.

"నాకేం తెలుసయ్యా," అన్నాను. "మనం గీడిదాంక ఎన్నడన్న వచ్చినమా?"